పది సూత్రాల కార్డు

ఫోను బాగు చేయించుకోవడానికి ఆ షాపుకి వెళ్ళినవాళ్ళు ఫోనుతో పాటు నాలుగు చీవాట్లు కూడా పట్టుకుని బయటికి వచ్చేవారు. చీవాట్లు ఉచితం. షాపు వెనకభాగంలో, మెడ వంచుకున్న దీపం కింద బల్ల ముందు కూర్చుని వాటిని పెట్టే మనిషి చిట్టి. నలభై రెండేళ్ళు వచ్చాయి, కళ్ళజోడు వచ్చింది, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. అయినా వాళ్ళ అన్నయ్యకి చిట్టే కాబట్టి వీధికంతా చిట్టే. చాటుగా మాత్రం బ్యాటరీ టీచరమ్మ అనుకునేవారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. పైకి విసుక్కున్నా లోపల ఇష్టమే.

"రాత్రి తలగడ కింద పెట్టి ఛార్జింగ్ పెడతావు కదూ?" అనేది, ఫోను ఇంకా చేతిలోకి తీసుకోకుండానే. ఎదుటివాడు నీళ్ళు నమిలేవాడు. "అనుకున్నా. దానికి గాలి ఆడొద్దూ? వేడే దాని ప్రాణం తీసేది. వంద దాకా నింపి తెల్లవార్లూ అలాగే వదిలేస్తే, కడుపు నిండినవాణ్ణి లేవనివ్వకుండా ఇంకా ఇంకా వడ్డించినట్టే. ఎనభై దాటగానే తీసెయ్. అలాగని సున్నా దాకా మాడ్చకు, ఇరవైకి రాగానే పెట్టు. నింపి ఖాళీ చేసిన ప్రతిసారీ అది కాస్త ముసలిదవుతుంది నాయనా. ముసలితనాన్ని ఆపలేం. తొందరపెట్టకుండా మాత్రం ఉండొచ్చు."

పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ఛార్జింగ్ లేదు" అని నవ్వేసేది. అన్నయ్య, వదిన, షాపు, పైన రెండు గదుల ఇల్లు, అంతే ఆమె లోకం.

అన్నయ్య కౌంటరు దగ్గర కూర్చుంటాడు. స్క్రూ ఎటు తిప్పాలో తెలియదు గానీ, మనిషిని ఎటు తిప్పాలో బాగా తెలుసు. తిట్లు తిన్న మనిషికి నవ్వుతూ రసీదు రాసిచ్చి, "మా చెల్లి నోరు అంతే, మనసు వెన్న" అని సాగనంపేవాడు. ఒకప్పుడు నాన్న పోయి, బంధువులంతా చిట్టికి ఏదో ఒక సంబంధం చూసి వదిలించుకోమంటుంటే, ఆ అన్నయ్యే ఆమెని ఫోన్ల రిపేరు కోర్సులో చేర్పించాడు. "ఆడపిల్లకి స్క్రూడ్రైవరేంటి?" అన్నవాళ్ళతో గొడవ పెట్టుకుని రెండేళ్ళు మాటలు మానేశాడు. అందుకే అన్నయ్య మిట్టమధ్యాహ్నం చీకటి పడిందంటే చిట్టి లేచి లైటు వేసే రకం.

రెండేళ్ళ కిందట ఆ అన్నయ్యే ఆమె చీవాట్లన్నిటినీ పది ముక్కలుగా కూర్చి, రంగుల కార్డు అచ్చు వేయించాడు. పైన "మన టీచరమ్మ చెప్పే పది ఛార్జింగ్ సూత్రాలు" అని పెద్ద అక్షరాలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఇవి పాటించకపోతే బ్యాటరీకి గ్యారంటీ లేదని. చిట్టి ఆ చిన్న అక్షరాలు చదివింది, సబబేగా అనుకుంది. పెద్ద అక్షరాలు చూసుకుని మాత్రం కళ్ళు తడిచేసుకుంది. తన మాటకి ఇంత విలువిచ్చినవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. ఒక కార్డు తీసుకెళ్ళి తన గదిలో అద్దానికి అంటించుకుంది.

పాడైన బ్యాటరీల విషయంలో కూడా ఆమెకో పద్ధతుంది. ఫోనులోంచి తీసిన ప్రతిదాని మీదా మార్కరుతో ఆ రోజు తేదీ, దానిలో మిగిలిన సత్తువ నూటికి ఎంతో ఆ అంకె రాసి, పక్కన పెద్ద ఇంటూ కొట్టి, ఇసక పోసిన డబ్బాలో వేసేది. అవి చెత్తబుట్టలో పడితే మంటలు లేస్తాయి మరి. శనివారం శనివారం అన్నయ్య ఆ డబ్బా పట్టుకెళ్ళి, ఊరి చివర పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చి వచ్చేవాడు. కొత్త సరుకు తెచ్చేదీ అతనే.

ఏడాదిన్నరగా మాత్రం చిట్టికి ఒకటే చిరాకు. కొత్త బ్యాటరీ వేయించుకున్నవాళ్ళు నాలుగైదు నెలలకే తిరిగొస్తున్నారు. జనానికి ఫోను పిచ్చి ముదిరిపోయిందని, చెప్పినమాట చెవిన పెట్టడం లేదని ఆమె గొంతు ఇంకాస్త పెంచింది. తనకి తెలిసిన ఒక్క జబ్బే ఊరందరికీ ఉందనుకునే డాక్టరులా తయారయ్యింది.

అలా తిరిగొచ్చినవాళ్ళలో పంపుహౌస్ ఆయనొకడు. ఊరికి నీళ్ళు తోడే మోటార్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా ఆపరేటరు. అక్కడ గంటగంటకీ మీటర్లు చూసి పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. బ్యాటరీ మార్పించిన మూడు నెలలకి, భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నలభై చూపిస్తూనే ఆగిపోతోందమ్మా. మీరు చెప్పినట్టే చేస్తున్నాను," అన్నాడు మెల్లగా.

షాపులో అప్పటికి ఐదారుగురున్నారు. చిట్టికి ఒళ్ళు మండింది. "అందరూ ఇదే మాట. చెప్పినట్టు చేస్తే మూడు నెలలకే ఇలా ఎందుకవుతుంది? అబద్ధాలాడకండి సార్, ఈ వయసులో. పుస్తకం పెట్టుకుని రాయండి రోజూ, మీ బండారం మీకే తెలుస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం చిన్నబోయింది. భార్య మాత్రం, "గడ్డి పెట్టమ్మా, నేను చెబితే వినరు," అంది సంబరంగా. ఇద్దరూ వెళ్ళిపోయారు. చిట్టి ఆ సంగతి ఆ సాయంత్రానికే మర్చిపోయింది.

ఆయన మర్చిపోలేదు. రాయమంటే రాసే మనిషి ఆయన. ఐదు నెలల తర్వాత ఒక ఉదయం, అన్నయ్య సరుకు కోసం వెళ్ళిన సమయంలో, ఆయన నీలం అట్ట పుస్తకం తెచ్చి చిట్టి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో నా తప్పు ఎక్కడుందో చూపించండమ్మా," అన్నాడు.

చిట్టి పుస్తకం తెరిచింది. ఉదయం ఆరూ పది, ఇరవై నాలుగు, ఛార్జింగ్ పెట్టాను. ఏడూ ఇరవై, ఎనభై, తీసేశాను. కవరు విప్పే పెట్టాను, గది చల్లగా ఉంది. ప్రతి రోజూ, ప్రతి పూటా, గీత గీసినట్టున్న అక్షరాలు. అక్కడక్కడ ఎర్ర సిరా: మధ్యాహ్నం రెండూ నలభై, నలభై మూడు చూపిస్తూ ఆగిపోయింది. తప్పు పట్టుకోవాలనే చిట్టి పేజీలు తిప్పింది. ఒక్క చోటైనా వంద ఉంటుందని, ఒక్క రాత్రయినా మర్చిపోయి ఉంటాడని వెతికింది. దొరకలేదు. పుస్తకం సగంలోకి వచ్చేసరికి ఆమె వేలు నెమ్మదించింది.

ఒక పేజీలో ఎర్ర సిరాతో రాసిన అంకెల కింద ఇంకేదో రాసి కొట్టేసి ఉంది.

"ఇదేంటి సార్?"

"ఆరు వారాల కిందట మా ఆవిడ బాత్రూములో జారి పడింది. తుంటి విరిగింది. పక్కనే బట్టల మీద పెట్టిన ఫోను అందుకుని నాకు చేసింది. తనకి కంఠతా వచ్చిన నంబరు నాదొక్కటే. పదకొండుసార్లు చేసింది. నాది ఆగిపోయి ఉంది. నేను మోటార్ల దగ్గర ఉన్నాను, చూసుకోలేదు. మూడు గంటలు ఆ తడి నేల మీదే ఉండిపోయింది."

చిట్టి పుస్తకం మూసింది.

"ఆ రోజు నుంచి నాతో మాట్లాడదమ్మా. 'ఆ టీచరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది, మీరు వినలేదు, నన్ను చంపబోయారు' అంది, అదే ఆఖరి మాట. ఈ పుస్తకం చూపిస్తే మొహం తిప్పుకుంది. నాకు కొత్త బ్యాటరీ అక్కర్లేదు. తప్పు నాదైతే చెప్పండి, పడతాను. కాకపోతే ఆ మాట మా ఇంటికొచ్చి దానితో చెప్పండి. మీరు చెబితే నమ్ముతుంది."

చిట్టి ఫోను విప్పింది. బ్యాటరీ పైకి తళతళలాడుతోంది. మిషనుకి తగిలిస్తే సత్తువ నూటికి తొంభై తొమ్మిది అంటోంది. అంత సత్తువున్నది నలభై మూడు దగ్గర ఎందుకు చతికిలబడుతుంది? మొదటిసారి ఆమెకి అనుమానం మనిషి మీద నుంచి వస్తువు మీదకి మళ్ళింది. పై లేబులు అంచు వేడిచేసి, సన్నటి పట్టకారుతో లాగింది. కింద ఇంకో తొడుగు ఉంది. స్పిరిటుతో తుడిచినా పూర్తిగా పోని మార్కరు గీతలు ఉన్నాయి. తేదీ. అరవై నాలుగు. పెద్ద ఇంటూ.

నాలుగు అంకెని తిరగేసిన కుర్చీలా రాసేది ఆ వీధి మొత్తానికి ఆమె ఒక్కతే.

ఎప్పుడో తను పనికిరాదని తీసేసిన బ్యాటరీ. దాని లోపలి చిన్న చిప్పులో వయసు లెక్క వెనక్కి తిప్పి, కొత్త చొక్కా తొడిగి, మళ్ళీ తన చేతికే ఇచ్చారు. తన చేత్తోనే దీన్ని ఈయన ఫోనులో పెట్టించారు.

"ఫోను ఇక్కడ ఉంచి వెళ్ళండి సార్," అంది చిట్టి. "సాయంత్రం ఐదింటికి నేనే మీ ఇంటికి తెస్తాను."

ఆయన వెళ్ళాక సొరుగులో ఉన్న కొత్త బ్యాటరీలన్నీ బయటికి తీసింది. పదకొండు. ఒక్కొక్కదాని లేబులూ ఊడదీసింది. రెండింటి కింద ఏమీ లేదు. తొమ్మిదింటి మీద తన రాతే. ఒక్కో అంకె బయటపడుతుంటే ఒక్కో మనిషి గుర్తొచ్చాడు. చిన్నపిల్లాడి ముందు తను తిట్టిన తండ్రి. ఏడుపు ఆపుకుంటూ వెళ్ళిపోయిన కుట్టుపని ఆవిడ. వాళ్ళంతా నిజమే చెప్పారు. షాపులో అబద్ధం ఒక్కటే ఉంది, దాన్ని అందరికన్నా గట్టిగా అరిచి చెప్పింది తనే.

అన్నయ్య భోజనాల వేళకి వచ్చాడు. కౌంటరు మీద వరసగా పేర్చిన తొమ్మిదింటినీ చూశాడు. చెల్లెలి మొహం చూడలేదు. ముందు వెనక్కి తిరిగి షట్టరు సగానికి దించాడు. చిట్టికి ఆ దించడంతోనే అంతా అర్థమైపోయింది. అప్పటిదాకా, అన్నయ్యని కూడా ఎవరో మోసం చేసి ఉంటారని ఒక చిన్న ఆశ పెట్టుకుని ఉంది.

"ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"ముందు కూర్చో. తిన్నావా?"

"ఎప్పట్నుంచి?"

"ఎందుకే ఇప్పుడవన్నీ? ఆ పాతవి తీసుకునేచోట ఒకడు చేసిస్తానన్నాడు. అందరూ చేస్తున్నదే. పూర్తిగా చచ్చినవి కాదుగా, కొన్నాళ్ళు పనిచేస్తాయి."

"కార్డు వేయించకముందా, వేయించాకా?"

 అన్నయ్య కౌంటరు మీద ఉన్న కార్డుల దొంతరని సర్దడం మొదలుపెట్టాడు, అవి సరిగ్గానే ఉన్నా. చిట్టి స్టూలు మీద కూలబడింది.

"అందుకా వేయించావు? నా మాటకి విలువిచ్చి కాదా?"

"నువ్వు చెప్పేదాంట్లో అబద్ధం ఉందా చెప్పు? ప్రతి ముక్కా నిజమే. జనం ఎలాగూ ఛార్జింగ్ సరిగ్గా పెట్టరు. కొత్తది వేసినా తగలేస్తారు. నువ్వు తిడితే వాళ్ళకే తెలుసు వాళ్ళ తప్పు, మాట్లాడకుండా పోతారు."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"చెబితే అలా తిట్టగలవా నువ్వు?" అన్నాడు అన్నయ్య, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు. "నీ మొహంలో ఏదీ దాగదు చిట్టీ. నీకు తెలియదు కాబట్టే అంత గట్టిగా మాట్లాడావు. అంత గట్టిగా మాట్లాడావు కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు. ఇందులో నీకేం అంటదు."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. చెల్లెలి మంచితనాన్ని ఇంత వివరంగా లెక్క వేసుకున్నవాడు, ఆ చెల్లెలికి అన్నం వడ్డించేటప్పుడు కూడా ఈ లెక్క వేసుకుంటూనే ఉన్నాడా? వదినకి తెలుసా? అడగాలనిపించింది గానీ, జవాబు వినే ఓపిక లేకపోయింది.

పంపుహౌస్ ఆయన సంగతి చెప్పింది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తున్నానంది.

"అసలైన కొత్తది నేనే తెచ్చిస్తా, వేసిచ్చెయ్. అక్కడితో సరి. ఇంటికీ గింటికీ వెళ్ళకు. నోరు జారావంటే ఈ షట్టరు మళ్ళీ లేవదు." గొంతు తగ్గించాడు. "నాన్న పోయాక నిన్నెవరు చూశారే?"

"నువ్వే," అంది చిట్టి. అది నిజం. ఆయన ఫోను, లేబులు ఊడదీసిన ఆ బ్యాటరీ సంచిలో వేసుకుని, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి బయటికి వెళ్ళిపోయింది.

పంపుహౌస్ ఆయన ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. తలుపు తీసినప్పుడు ఆయన ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. ముందుగదిలోనే మంచం, దాని మీద కాళ్ళ మధ్య దిండు పెట్టుకుని ఆవిడ. చిట్టిని చూడగానే మొహం విప్పారింది.

"టీచరమ్మవి కదూ! రా అమ్మా, కూర్చో. కుర్చీ వేయమని ఎవరైనా ఆయనకి చెప్పండి," అంది గోడవైపు చూస్తూ. గదిలో వాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఆయన కుర్చీ వేసి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ చిట్టి మర్చిపోయింది. ఒక్కటే మిగిలింది. "అమ్మా, తప్పు సార్‌ది కాదు. బ్యాటరీది. మాది."

ఆవిడ నవ్వింది. "నువ్వెంత మంచిదానివి! ఇంత దూరం తీసుకొచ్చి ఈ మాట చెప్పించారా? వెనకేసుకురాకు తల్లీ."

"సార్ అన్నీ సరిగ్గా చేశారు. ఆ పుస్తకం నేను చూశాను."

"ఆ పుస్తకాలు నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. వీళ్ళ పంపుహౌస్ పుస్తకంలో నీళ్ళు పుష్కలంగా ఉంటాయి, మన కుళాయిలోనే రావు."

చిట్టి సంచిలోంచి బ్యాటరీ తీసి చూపించింది. ఇది పాతదని, కొత్తదని చెప్పి తన చేత్తోనే వేశానని, ఇదిగో నా రాత అని చెప్పింది. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది.

"నాకివేం తెలుస్తాయమ్మా. ఆ రోజు షాపులో నువ్వు చెప్పింది మాత్రం నా బుర్రకెక్కింది. మీ అన్నయ్య కూడా అదే చెప్పాడుగా. 'మా చెల్లి ఎంత చెప్పినా ఆయన వినలేదండీ, మీరిలా పడ్డారని తెలిసి అన్నం కూడా తినడం లేదు' అన్నాడు. నువ్వు పంపించావని ఇన్ని ఆపిల్ పళ్ళు తెచ్చాడు."

చిట్టి చెయ్యి సంచి మీద అలాగే ఆగిపోయింది. "ఎప్పుడు?"

"ఆస్పత్రిలో ఉన్నప్పుడే. ఆపరేషనైన రెండో రోజు."

గుమ్మం దగ్గర నుంచి ఆయన మొదటిసారి నోరు విప్పాడు. "నేనే షాపుకి ఫోన్ చేసి చెప్పానమ్మా, పడిన మర్నాడు. మీ అన్నగారు తీశారు. మీకు చెబుతానన్నారు. పళ్ళ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. నేను మందులకి వెళ్ళినప్పుడు వచ్చినట్టున్నారు."

ఆరు వారాలు. ఆరు వారాలుగా రోజూ రాత్రి ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. మధ్యాహ్నం తొమ్మిది బ్యాటరీల ముందు నిలబడి, ఆవిడ పడిందని తను చెబుతుంటే, ఇప్పుడే వింటున్నట్టు తల ఊపాడు. బ్యాటరీల మోసం డబ్బు కోసమని సరిపెట్టుకోవచ్చు. తన పేరు చెప్పి, తను తినని అన్నం కథ అల్లి, ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషికి మొగుడి మీద విషం ఎక్కించి వచ్చాడే, దాన్ని ఎలా సరిపెట్టుకోవాలి?

"నేను పంపలేదమ్మా," అంది చిట్టి. "మీరు పడ్డారని నాకు ఈ రోజు పొద్దున తెలిసింది."

 ఆవిడ చిట్టి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏదీ దాగదని అన్నయ్య ఊరికే అనలేదు.

"ఫోనుల గొడవ నాకు తెలియదు," అంది చివరికి, మాట మాటకీ ఆగుతూ. "కానీ తప్పు లేనివాడు ముక్కూ మొహం తెలియని మనిషికి పళ్ళెందుకు తెస్తాడు? నాకప్పుడే తట్టాలి. నేను తిన్నాను కూడా. ఎంత తియ్యగా ఉన్నాయో అని నర్సుకి కూడా పెట్టాను."

తల గుమ్మం వైపు తిప్పింది. ఈసారి గోడతో చెప్పలేదు. "ఆ తడి నేల మీద మూడు గంటలు మిమ్మల్నే తిట్టుకుంటూ పడున్నానండీ. ఈ ఆరు వారాలూ అదే పని. రండి, అక్కడెందుకు నిలబడ్డారు?"

ఆయన వచ్చి మంచం చివర, ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాడు. దుప్పటి అంచు సర్దాడు. చిట్టి లేచింది. వచ్చిన పని అయిపోయింది.

"అమ్మాయీ," అని పిలిచింది ఆవిడ. ఇందాకటి ముద్దు లేదు ఆ గొంతులో, కోపమూ లేదు. "బ్యాటరీ సంగతి నీకు తెలియదు, నమ్ముతాను. కానీ అంతమందిలో ఈయన్ని అబద్ధాలాడకండి అన్నావు చూడు. ఆ మాట మీ అన్నయ్య నేర్పింది కాదుగా."

చిట్టి కాదన్నట్టు తల ఊపింది. క్షమించమని అడుగుదామనుకుంది, ముఖం చెల్లలేదు.

ఆయన మెట్ల దాకా వచ్చాడు. ఫోను ఆయన చేతికిచ్చింది. లోపల బ్యాటరీ లేక అది తేలిగ్గా ఉంది. రేపు అసలైన కొత్తది తనే తెచ్చి, కళ్ళ ముందే సీలు విప్పి వేస్తానంది. ఆయన ఫోను వంక, మెట్ల వంక చూశాడు. ఎప్పటిలాగే మెల్లగా మాట్లాడాడు.

"మీరొచ్చి చెప్పారు, అది చాలమ్మా. బ్యాటరీ మాత్రం, ఏమీ అనుకోకండి, వేరే చోట వేయించుకుంటాను."

"అలాగే సార్," అంది చిట్టి. బజారు మలుపులో ఉన్న షాపతను నిజాయితీపరుడని, అక్కడికి వెళ్ళమని చెప్పింది. పై లేబులు ఊడదీసి చూపించమని అడగండి, ఎవరు ఎంత బాగా మాట్లాడినా సరే అడగండి అని కూడా చెప్పి, మూడంతస్తులు దిగడం మొదలుపెట్టింది.